ఉద్యమ్ కాగితంలో ఏ గడిలో ఏం రాశారో ఒక్కసారి చూడండి

ఒడిశా సరిహద్దు ఊరు పర్లాకిమిడిలో నాకు తెలిసిన ఒకాయన జీడిపిక్కల యూనిట్ నడుపుతారు. పిక్కలు చుట్టుపక్కల కొండ ఊళ్ళ నుంచి వస్తాయి, 80 కేజీల బస్తాల లెక్కన కొంటారు, ఉడకబెట్టి కటింగ్ చేయించి డ్రయ్యర్‌లో పెట్టి పొట్టు తీయించి గ్రేడింగ్ చేసి పప్పు అమ్ముతారు. పొద్దున్న ఆరింటికి వెళ్ళి చూస్తే పదిహేను మంది ఆడవాళ్ళు చేతులకి నూనె రాసుకుని కటింగ్ మిషన్ల ముందు కూర్చుని ఉంటారు, ఎందుకంటే ఆ జీడి రసం తగిలితే చర్మం కాలిపోతుంది. ఇంత పని జరిగే చోటుకి ఉన్న ఉద్యమ్, అంటే చిన్న సంస్థలకి కేంద్రం ఇచ్చే రిజిస్ట్రేషన్, సర్టిఫికేట్‌లో "ట్రేడింగ్" అని రాసి ఉంది. ఆ సంగతి ఆయనకి మూడేళ్ళ పాటు తెలీదు. ఆంధ్రా వైపు ఒక హోల్‌సేల్ వ్యాపారి దగ్గర 11 లక్షలు ఎనిమిది నెలలుగా ఆగిపోతే, "మాస్టారూ, మనకి సర్కారు కాగితం ఉంది కదా, దాంతో ఏమైనా చెయ్యలేమా?" అని లామినేషన్ చేయించిన ఆ సర్టిఫికేట్ పట్టుకుని నా దగ్గరకి వచ్చినప్పుడు బయటపడింది.

నేను రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు చిన్న వ్యాపారులకి లెక్కలు రాసిపెడతాను. మన తెలుగువాళ్ళలో చాలామందికి ఇల్లు ఇటు ఒడిశాలో ఉంటే సరుకు అటు ఆంధ్రాకి వెళ్తుంది, లేదంటే బంధువులు, బ్యాంకు ఖాతా, పాత రేషన్ కార్డు అటుండి షాపు ఇటుంటుంది. అందుకే ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థలు) అనే మాట చుట్టూ ఉన్న గందరగోళం మన దగ్గర రెట్టింపు అవుతుంది. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. సర్టిఫికేట్ ఉందా లేదా అన్నది సగం విషయమే, అందులో పాన్ ఎవరిది, యూనిట్ ఎక్కడుంది, చేసే పని ఏమిటి అన్న మూడు గడుల్లో ఏం నింపారన్న దాన్ని బట్టే మీకు ఏది వస్తుందో ఏది రాదో తేలిపోతుంది.

ముందు ఈ వర్గీకరణ సంగతి చూద్దాం. 2006లో ఎంఎస్ఎంఈ అభివృద్ధి చట్టం వచ్చింది, ఆ ఏడాది అక్టోబర్ 2 నుంచి అమలు. అప్పట్లో మెషినరీ మీద ఎంత పెట్టారన్నదే లెక్క. తయారీ అయితే 25 లక్షల దాకా సూక్ష్మ, 5 కోట్ల దాకా చిన్న, 10 కోట్ల దాకా మధ్య తరహా. సేవలకి వేరే, ఇంకా తక్కువ పరిమితులు. దీంతో వచ్చిన చిక్కు ఏమిటంటే కొత్త మిషన్ కొంటే కేటగిరీ మారిపోతుందేమో అని భయపడి పాత మిషన్‌తోనే నెట్టుకొచ్చిన వాళ్ళు ఉన్నారు. 2020 జూలై 1 నుంచి దీన్ని మార్చారు. తయారీకీ సేవలకీ ఒకటే కొలత పెట్టి, పెట్టుబడితో పాటు టర్నోవర్, అంటే ఏడాది అమ్మకాలు కూడా చూడటం మొదలుపెట్టారు. ఆ పరిమితుల్ని 2025 ఏప్రిల్ 1 నుంచి మళ్ళీ బాగా పెంచారు. ఇప్పుడు మెషినరీ మీద పెట్టుబడి రెండున్నర కోట్లు, టర్నోవర్ 10 కోట్లు దాటకపోతే సూక్ష్మ. పెట్టుబడి 25 కోట్లు, టర్నోవర్ 100 కోట్ల దాకా చిన్న. 125 కోట్లు, 500 కోట్ల దాకా మధ్య తరహా. అంటే మన సరిహద్దు ఊళ్ళలో నేను చూసే యూనిట్లలో నూటికి తొంభై తొమ్మిది సూక్ష్మమే.

రెండు కొలతలు ఉన్నాయంటే రెండిటిలో ఏది దాటినా పైకి వెళ్ళిపోతారు, కిందికి రావాలంటే మాత్రం రెండూ తగ్గాలి. జీడిపప్పు వాళ్ళకి ఇది బాగా అర్థమవుతుంది. మన పర్లాకిమిడి ఆయన మిషన్ల బిల్లులన్నీ కలిపితే 52 లక్షలు, కానీ పిక్కల ధరే ఎక్కువ కాబట్టి లాభం పలచగా ఉన్నా టర్నోవర్ 7 కోట్లు తేలుతుంది. 2020 లెక్కలో సూక్ష్మానికి టర్నోవర్ పరిమితి 5 కోట్లు, అందుకని మిషన్లు తక్కువైనా ఆయన "చిన్న" కిందికి వెళ్ళారు. 2025 లెక్కలో మళ్ళీ సూక్ష్మం. ఇక్కడ పెట్టుబడి అంటే అందరూ పొరబడేది ఒకటుంది. స్థలం, బిల్డింగ్, ఫర్నిచర్ ఇందులో కలపరు. కాలుష్య నియంత్రణ పరికరాలు, భద్రతా పరికరాలు కూడా కలపరు. కొత్త యూనిట్ అయితే బిల్లులో జీఎస్టీ తీసేసిన ధర, పాత యూనిట్ అయితే ఆదాయపు పన్ను రిటర్న్‌లో తరుగుదల పోను మిగిలిన విలువ. కాబట్టి 40 లక్షల గోడౌన్ కట్టానని కంగారు పడనక్కర్లేదు. ఎగుమతి చేసిన సరుకు విలువని కూడా టర్నోవర్‌లోంచి తీసేస్తారు. ఒకవేళ పెరిగి పై కేటగిరీకి వెళ్ళినా పన్నుతో సంబంధం లేని ప్రయోజనాలు మూడేళ్ళ పాటు ఆగవు, 2022 అక్టోబర్‌లో ఆ వెసులుబాటు ఇచ్చారు. పెరగడానికి భయపడాల్సిన పని ఇప్పుడు లేదు.

ఇప్పుడు మొదటి గడి, పాన్. ఒక పాన్ మీద ఎన్ని షాపులున్నా, ఎన్ని రాష్ట్రాల్లో ఉన్నా సంస్థ ఒక్కటే, ఉద్యమ్ నంబరు ఒక్కటే. మీకు రాయగడలో పిండిమర, పార్వతీపురంలో నూనె మిల్లు ఉంటే రెండిటి మిషన్లూ, రెండిటి టర్నోవరూ కలిపి చూస్తారు. జీఎస్టీ మాత్రం రాష్ట్రానికి ఒకటి తీసుకోవాలి, ఒడిశాది 21తో మొదలవుతుంది, ఆంధ్రాది 37తో. రెండు జీఎస్టీ నంబర్లున్నాయి కాబట్టి రెండు ఉద్యమ్‌లు చేసుకోవాలి అనుకుంటారు చాలామంది. అలా కాదు, ఒకే రిజిస్ట్రేషన్‌లో రెండు యూనిట్ల అడ్రసులూ చేర్చుకోవాలి. అదే భార్య పేరు మీద వేరే పాన్‌తో నిజంగా వేరే వ్యాపారం ఉంటే అది వేరే సంస్థ.

పాన్‌లో ఇంకో సంగతి, ఇది మన ఇళ్ళల్లో ఎక్కువ. నాన్నగారు పోయి మూడేళ్ళయినా మిల్లు ఆయన పేరు మీదే నడుస్తూ ఉంటుంది. కరెంటు బిల్లు ఆయనది, బోర్డు ఆయనది, ఉద్యమ్ ఆయనది. సొంత వ్యాపారానికి పాన్ అంటే యజమాని పాన్, మనిషి పోతే ఆ రిజిస్ట్రేషన్ కొడుక్కి రాదు. కొడుకు తన పాన్ మీద కొత్తగా చేయించుకోవాలి. అది చెయ్యకుండా లోన్‌కి వెళ్తే బ్యాంకులో ఫైలు మొదటి రోజే ఆగిపోతుంది. బాధలో ఉన్నప్పుడు ఇవన్నీ ఎవరికి గుర్తుంటాయి, కానీ ఇంట్లో ఒకరైనా ఏడాది లోపు ఈ పని పూర్తి చెయ్యాలి.

పేర్ల గొడవ ఇంకొకటి. మనకి ఇంటిపేరు ముందుంటుంది, అదీ ఒక్క అక్షరంగా. ఒడిశాలో ఆధార్ రాసేవాళ్ళకి ఇంటిపేరు చివర ఉండాలని అలవాటు. అప్పారావుని "అప్పా" అని, "రావు" అని రెండు ముక్కలు చేసి రావునే ఇంటిపేరుగా రాసిన కార్డులు నేను చాలా చూశాను. పాన్ మీద ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్ మీద పొడి అక్షరం, బ్యాంకు పుస్తకం మీద మూడో రకం. ఉద్యమ్ పోర్టల్ ఆధార్‌తోనూ పాన్‌తోనూ సరిచూసుకుంటుంది కాబట్టి అక్కడ ఎర్ర అక్షరాల్లో తప్పు చూపించి ముందుకి వెళ్ళనివ్వదు. దీన్ని దాటడానికి ఎవరో ఏజెంట్ తమ్ముడి పాన్ పెట్టేశాడు, బావమరిది నంబర్ పెట్టేశాడు అన్న కథలు వింటుంటాను. అలా ఎప్పుడూ చెయ్యనివ్వకండి. పేరు సరిచేయించుకోవడానికి వారమో పది రోజులో పట్టినా ముందు అదే చేయించుకోండి.

రిజిస్ట్రేషన్ పని నిజానికి చాలా తేలిక. పూర్వం ఎస్ఎస్ఐ (చిన్న తరహా పరిశ్రమ) అని, తర్వాత పార్ట్ 1, పార్ట్ 2 అని జిల్లా పరిశ్రమల కేంద్రం చుట్టూ తిరగాల్సి వచ్చేది. 2015లో ఉద్యోగ్ ఆధార్ వచ్చింది. 2020 జూలై 1 నుంచి ఉద్యమ్. ప్రభుత్వ పోర్టల్ ఒక్కటే, రుసుము లేదు, ఏ కాగితమూ అప్‌లోడ్ చెయ్యక్కర్లేదు. ఆధార్‌కి లింకైన ఫోన్‌కి ఓటీపీ వస్తుంది, పాన్ ఇవ్వాలి, జీఎస్టీ చట్టం ప్రకారం తీసుకోవాల్సిన వాళ్ళు ఆ నంబరూ ఇవ్వాలి. మిగతాదంతా మీరు చెప్పిన మాట మీదే నడుస్తుంది. వచ్చే నంబరులో ఉద్యమ్ అన్న మాట తర్వాత రాష్ట్రం గుర్తు, జిల్లా నంబరు, చివర ఏడు అంకెలు ఉంటాయి. దానికి గడువు తీరడం, రెన్యువల్ అంటూ ఏదీ లేదు. ఇంత తేలికైన పనికి రెండు వేలు, మూడు వేలు తీసుకునే ప్రైవేటు సైట్లు ఇంటర్నెట్ నిండా ఉన్నాయి, ప్రభుత్వ గుర్తులాంటిది పెట్టుకుని మరీ. అడ్రసు చివర డాట్ గవ్ డాట్ ఇన్ లేకపోతే అక్కడే ఆగిపోండి. "మీ ఉద్యమ్ రెన్యువల్ చేసుకోండి" అని ఫోన్ వస్తే పెట్టేయండి. పక్కన కూర్చుని నింపిపెట్టిన కుర్రాడికి వంద రూపాయలు ఇవ్వడం వేరు, అది అతని కష్టానికి.

పాన్ కూడా లేనివాళ్ళు, అంటే బండి మీద ఇడ్లీ అమ్మేవాళ్ళు, సంతలో బుట్టలు అమ్మేవాళ్ళు, ఇంటి దగ్గర అప్పడాలు చేసేవాళ్ళు ఉన్నారు కదా, వాళ్ళ కోసం 2023 జనవరిలో ఉద్యమ్ అసిస్ట్ అని వేరే దారి పెట్టారు. చిన్న పరిశ్రమల కోసం ఉన్న బ్యాంకు సిడ్బీ దీన్ని నడుపుతుంది, బ్యాంకులు, మైక్రోఫైనాన్స్ సంస్థల ద్వారా చేస్తారు. ఆ సర్టిఫికేట్ ఉంటే బ్యాంకు లెక్కలో మీరు సూక్ష్మ సంస్థే, ప్రాధాన్య రంగం (బ్యాంకులు తమ అప్పుల్లో కొంత భాగం తప్పనిసరిగా ఇవ్వాల్సిన రంగం) కింద లోన్ ఇవ్వొచ్చు. మా అత్తగారి ఊరి సంఘంలో అప్పడాలు చేసే ఆవిడకి ఇలాగే మొదలైంది.

ఇక అసలు గడి, చేసే పని. తయారీయా, సేవా, ట్రేడింగా. 2021 జూలైకి ముందు కొని అమ్మే వ్యాపారులకి ఉద్యమ్ ఉండేది కాదు. అప్పుడు చేర్చారు, కానీ ఒక షరతు పెట్టారు. రిటైల్, హోల్‌సేల్ వ్యాపారులకి ప్రాధాన్య రంగం లోన్ వరకే ప్రయోజనం, అంతకు మించి లేదు. కొనుగోలుదారు నలభై అయిదు రోజుల్లో డబ్బు కట్టాలన్న హక్కు వాళ్ళకి రాదు. ప్రభుత్వ టెండర్లలో చిన్న సంస్థలకి ఇచ్చే కోటా రాదు. మన జీడిపప్పు ఆయన సర్టిఫికేట్ చేసిన కుర్రాడు "మీరేం చేస్తారు" అని అడిగాడు, ఈయన "పప్పు వ్యాపారం" అన్నారు, వాడు ట్రేడింగ్ అని నొక్కాడు. ఇద్దరిలో ఎవరి తప్పూ లేదు. మనం అన్నిటినీ వ్యాపారమే అంటాం, బెల్లం వండినా వ్యాపారమే, బెల్లం కొని అమ్మినా వ్యాపారమే. చట్టానికి మాత్రం ఈ రెండూ వేరువేరు. వడ్లు కొని వడ్లే అమ్మితే ట్రేడింగ్, వడ్లు ఆడించి బియ్యం అమ్మితే తయారీ. అందుకే పని పేరుతో పాటు ఎన్ఐసీ కోడ్ అని అయిదంకెల నంబరు ఇస్తారు, రైస్ మిల్లింగ్‌కి 10612 ఉన్నట్టు. ఒకటి కంటే ఎక్కువ కోడ్‌లు పెట్టుకోవచ్చు. మీ సర్టిఫికేట్ తీసి ఆ వరసలో ఏముందో చదివి చూడండి, పిల్లల చేత అయినా చదివించుకోండి.

ఆ నలభై అయిదు రోజుల సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ చట్టం మొత్తంలో చిన్నవాడికి నిజంగా చేతికి అందిన ఆయుధం ఇదే అని నా నమ్మకం. సూక్ష్మ, చిన్న సంస్థలు సరుకు పంపితే, రాతపూర్వకంగా ఒప్పందం ఉంటే అందులో రాసుకున్న రోజుకి డబ్బు కట్టాలి, ఆ గడువు ఎట్టి పరిస్థితిలోనూ 45 రోజులు దాటకూడదు. ఒప్పందం ఏదీ లేకపోతే 15 రోజులే. మన దగ్గర నోటి మాట మీద నడిచే బేరాలే ఎక్కువ కాబట్టి మనకి వర్తించేది ఎక్కువగా ఆ 15 రోజుల లెక్కే. సరుకు బాగాలేదని కొన్నవాళ్ళు అనాలంటే 15 రోజుల లోపు రాసి ఇవ్వాలి, ఎనిమిది నెలల తర్వాత "మీ పప్పులో ముక్క ఎక్కువుంది" అంటే చెల్లదు. గడువు దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకి మూడు రెట్లు వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. బ్యాంక్ రేటు 6 శాతం అనుకుంటే 18 శాతం. 11 లక్షల బాకీ మీద ఎనిమిది నెలలకి లక్షా 39 వేల దాకా తేలుతుంది. మధ్య తరహా వాళ్ళకి ఈ హక్కు లేదు.

డబ్బు రాకపోతే, ఇలాంటి బాకీల గొడవలు తేల్చడానికి రాష్ట్రాల్లో పెట్టిన ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కి వెళ్ళొచ్చు. మన సరిహద్దు వాళ్ళకి ఇందులో ఒక గొప్ప మేలుంది, దీని గురించి నేను ఎక్కడికెళ్ళినా చెప్తుంటాను. అమ్మినవాడు ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్రం కౌన్సిల్‌కి వెళ్ళొచ్చు, కొన్నవాడు దేశంలో ఎక్కడున్నా సరే. విజయనగరంలో ఉన్నవాడి మీద కేసు కోసం మీరు విజయనగరం కోర్టు చుట్టూ తిరగక్కర్లేదు, ఒడిశా కౌన్సిల్‌లోనే ఆన్‌లైన్‌లో పెట్టొచ్చు. ముందు రాజీకి ప్రయత్నిస్తారు, కుదరకపోతే మధ్యవర్తి తీర్పు. 90 రోజుల్లో తేల్చాలని చట్టం అంటుంది, వాస్తవంలో అంతకన్నా ఎక్కువే పడుతుంది, ఆ మాట ముందే చెప్పాలి. కానీ తీర్పు మీ వైపు వచ్చాక కొన్నవాడు దాని మీద కోర్టుకి వెళ్ళాలంటే ముందుగా 75 శాతం డబ్బు జమ చెయ్యాలి. దానికి భయపడి మధ్యలోనే సెటిల్ చేసుకునేవాళ్ళున్నారు. ఇంకో ముఖ్యమైన విషయం, బిల్లు కొట్టే రోజుకే మీకు ఉద్యమ్ ఉండాలి. బాకీ పడ్డాక రిజిస్టర్ చేసుకుని పాత బిల్లుల మీద హక్కు అడిగితే కుదరదని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. దీని మీద తర్వాత కూడా వాదనలు నడుస్తున్నాయి, మీరు ఆ చిక్కులో పడకుండా ముందే చేసుకోవడం మేలు.

దీనికి తోడు 2024 ఏప్రిల్ 1 నుంచి ఆదాయపు పన్నులో ఒక నిబంధన వచ్చింది, వ్యాపారులంతా 43బి హెచ్ అని పిలిచేది. సూక్ష్మ, చిన్న సంస్థలకి గడువు లోపు కట్టకుండా ఆపిన డబ్బుని కొన్నవాడు ఆ ఏడాది ఖర్చుగా చూపించుకోలేడు, నిజంగా కట్టిన ఏడాదిలోనే చూపించుకోవాలి. అందుకే మార్చి నెల వచ్చేసరికి పెద్ద వ్యాపారుల గుమాస్తాలు "మీకు ఉద్యమ్ ఉందా, ఉంటే ఏ కేటగిరీ" అని ఫోన్లు చేస్తున్నారు. ఉద్యమ్ ఉన్నవాళ్ళ దగ్గర కొనడం మానేస్తామని బెదిరించే వాళ్ళూ ఉన్నారు. చిన్నవాడి మీద ఇది అన్యాయం. అయినా బిల్లు మీద ఉద్యమ్ నంబరు వేయడం మానకండి.

సరిహద్దులో ఉన్నవాళ్ళకి జీఎస్టీ గురించి కూడా రెండు మాటలు. సరుకు అమ్మేవాళ్ళకి ఏడాదికి 40 లక్షల దాకా జీఎస్టీ అక్కర్లేదని అందరికీ తెలుసు. కానీ పన్ను పడే సరుకుని రాష్ట్రం దాటించి అమ్మితే ఆ మినహాయింపు ఉండదు, మొదటి రూపాయి నుంచే రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. గుణుపురం వాడు రాయగడలో అమ్మితే ఒక లెక్క, పాతపట్నంలో అమ్మితే ఇంకో లెక్క. టర్నోవర్ మీద తక్కువ శాతం పన్ను కట్టే కాంపోజిషన్ స్కీమ్‌లో ఉన్నవాళ్ళు అసలు పక్క రాష్ట్రానికి అమ్మకూడదు. వాగు అవతల పొలం, వాగు ఇవతల ఇల్లు ఉన్న ఊళ్ళలో ఇది ఎంత ఇబ్బందో ఆ నిబంధన రాసినవాళ్ళకి తెలిసి ఉండదు. చేతివృత్తుల వస్తువులకి కొంత మినహాయింపు ఉంది.

లోన్ల విషయానికి వస్తే, పది లక్షల దాకా సూక్ష్మ, చిన్న సంస్థలకి తాకట్టు అడగకూడదని రిజర్వ్ బ్యాంకు 2010లో చెప్పింది, ఇప్పుడు ఆ పరిమితి ఎంతో బ్యాంకులో కనుక్కోండి. అంతకు మించితే సీజీటీఎంఎస్ఈ గ్యారంటీ ఉంది. 2000లో కేంద్రమూ సిడ్బీ కలిసి పెట్టిన ట్రస్ట్ ఇది, మీరు కట్టలేకపోతే బ్యాంకుకి కొంత భాగం ఇదే భర్తీ చేస్తుంది. 2025 ఏప్రిల్ నుంచి గ్యారంటీ పరిమితి 10 కోట్లు. దీనికి ఏటా కొంత ఫీజు మీ ఖాతాలోంచి పోతుంది. గ్యారంటీ ఉందంటే అప్పు మాఫీ అని కాదు, బ్యాంకు మీ దగ్గర వసూలు చేస్తూనే ఉంటుంది, ఈ తేడా తెలీక నష్టపోయిన కుటుంబాన్ని నేను దగ్గరగా చూశాను. ముద్రా లోన్ మీకు తెలిసిందే, 50 వేలు, 5 లక్షలు, 10 లక్షలు అని మూడు మెట్లు, ఆ మూడో మెట్టు లోన్ తీసుకుని సరిగ్గా కట్టినవాళ్ళకి 2024 అక్టోబర్ నుంచి 20 లక్షల దాకా.

ఇప్పుడు రెండో గడి, యూనిట్ ఎక్కడుంది అన్నది. దీని బరువు తెలియాలంటే పీఎంఈజీపీ (ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం) చూడాలి. కొత్తగా యూనిట్ పెట్టేవాళ్ళకి, తయారీకి 50 లక్షలు, సేవలకి 20 లక్షల ప్రాజెక్ట్ దాకా సబ్సిడీ ఇచ్చే పథకం ఇది. జనరల్ కేటగిరీకి పట్నంలో 15 శాతం, పల్లెలో 25. ప్రత్యేక కేటగిరీకి పట్నంలో 25, పల్లెలో 35. ప్రత్యేకం అంటే ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, మైనారిటీలు, ఆడవాళ్ళు, మాజీ సైనికులు, దివ్యాంగులు, ట్రాన్స్‌జెండర్లు అని చాలామందికి తెలుసు. 2022లో చేర్చిన ఇంకో మాట మాత్రం ఎవరూ చెప్పరు, ఆకాంక్షిత జిల్లాలు, అంటే వెనకబడ్డాయని కేంద్రం గుర్తించినవి. 2018లో కేంద్రం ప్రకటించిన ఆ జాబితాలో గజపతి (పర్లాకిమిడి ఉన్న జిల్లా), రాయగడ, కోరాపుట్, నవరంగపూర్, మల్కన్‌గిరి ఉన్నాయి. బరంపురం ఉన్న గంజాం లేదు, పలాస ఉన్న శ్రీకాకుళం లేదు. దీన్ని రూపాయల్లోకి మార్చి చూడండి. జనరల్ కేటగిరీ మనిషి ఒకరు 20 లక్షలతో జీడిపప్పు యూనిట్ పెడదామనుకున్నారు. పలాస పక్కన పంచాయతీలో పెడితే సబ్సిడీ 5 లక్షలు, సొంతంగా పెట్టాల్సింది 10 శాతం, అంటే 2 లక్షలు. పర్లాకిమిడి పక్కన పంచాయతీలో పెడితే సబ్సిడీ 7 లక్షలు, సొంత డబ్బు 5 శాతం, అంటే 1 లక్ష. బరంపురం టౌన్‌లో పెడితే సబ్సిడీ 3 లక్షలే. మనిషి అదే, మిషన్ అదే.

ఇదే పథకంలో "కొండ, సరిహద్దు ప్రాంతాలు" అన్న మాట కూడా ఉంది. అది చూసి మనది సరిహద్దే కదా అని సంబరపడతారు. ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రాంతాలకే అది, ఒడిశా ఆంధ్రా మధ్య ఉన్నామని రాదు. ఇంకో విషయం, ఆ సబ్సిడీ చేతికి రాదు. బ్యాంకులో మూడేళ్ళు డిపాజిట్‌గా ఉంటుంది, ఆ డబ్బుకి వడ్డీ రాదు, అంత మేరకు మీ లోన్ మీదా వడ్డీ వెయ్యరు. యూనిట్ నడుస్తోందని చూశాకే లోన్‌లో సర్దుతారు. స్థలం ఖరీదు ప్రాజెక్ట్‌లో కలపరు. తయారీలో 10 లక్షలు దాటితే ఎనిమిదో తరగతి పాసై ఉండాలి. ఇంటికి ఒకరికే. నడుస్తున్న యూనిట్‌ని కొత్తదని చూపిస్తే తనిఖీలో దొరికిపోతారు. ఈ పథకాన్ని 2025-26 వరకు పొడిగించారు, ఇప్పుడు నడుస్తోందో లేదో అప్లై చేసేముందు జిల్లా పరిశ్రమల కేంద్రంలో కనుక్కోండి.

పాత యూనిట్ పెంచుకోవాలంటే, తిండి పదార్థాలు చేసేవాళ్ళకి పీఎంఎఫ్ఎంఈ అనే కేంద్ర పథకం పెట్టారు, 35 శాతం సబ్సిడీ, 10 లక్షలకి మించకుండా, ఇదీ నడుస్తోందో లేదో కనుక్కోండి. పచ్చళ్ళు, పొడులు, చింతపండు, జీడిపప్పు అన్నీ ఇందులోకి వస్తాయి. రాష్ట్రాల పథకాలు వేరు. ఒడిశాకి 2022 ఎంఎస్ఎంఈ విధానం ఉంది, ఆంధ్రాకి 2024లో వచ్చింది ఉంది. ఆధార్ ఎక్కడిదైనా, భాష ఏదైనా, యూనిట్ నేల మీద ఎక్కడుందో ఆ రాష్ట్రమే ఇస్తుంది. ఒడిశాలో యూనిట్ పెట్టి, ఆంధ్రా అడ్రసుతో ఉద్యమ్ చేయించుకుంటే రెండు వైపులా "మీది ఇక్కడ కాదు" అంటారు. మన భాషలో అడగడానికి ఆఫీసులో ఎవరూ ఉండరేమో అన్న బెరుకుతో చాలామంది రాయగడ ఆఫీసుకి వెళ్ళకుండా బంధువుల ద్వారా అటువైపు చేయించుకుంటారు. నేను చూసినంతలో రాయగడ, గుణుపురం ఆఫీసుల్లో తెలుగు తెలిసినవాళ్ళు ఎవరో ఒకరు ఉంటారు, ధైర్యంగా వెళ్ళండి.

జీడిపప్పు ఆయన సంగతి. ఆ రాత్రే నా లాప్‌టాప్‌లో కూర్చుని సర్టిఫికేట్ సరిచేశాం, ట్రేడింగ్ తీసి తయారీ పెట్టి, కోడ్ మార్చి, యూనిట్ అడ్రసులో పాత ఇంటి అడ్రసు ఉంటే అదీ మార్చాం. ఓటీపీ కోసం ఆయన కొడుకు ఫోన్ పట్టుకుని సిగ్నల్ కోసం డాబా మీదకి వెళ్ళి పై నుంచి అంకెలు అరిచి చెప్పాడు. ఆ బిల్లులు కొట్టినప్పుడు ట్రేడింగ్ అనే ఉంది కాబట్టి పాత 11 లక్షల మీద ఈ చట్టం పనిచెయ్యదు, ఆ మాట ఆయనకి చెప్పడం నాకు చాలా కష్టమైంది, పెద్దమనుషుల్ని పెట్టి మాట్లాడుతున్నారు, కొంత వచ్చింది. మర్నాడు ప్రెస్‌కి వెళ్ళి కొత్త బిల్లు పుస్తకాలు వేయించారు. పైన ఉద్యమ్ నంబరు, దాని కింద "సూక్ష్మ తయారీ సంస్థ" అని, కింద సంతకం పెట్టే చోటు పక్కన "సరుకు అందిన 15 రోజుల్లో చెల్లించాలి" అని ఒక లైను. మొదటి బిల్లు టెక్కలికి వెళ్ళింది, ఆరు బస్తాల పప్పు. డబ్బు పన్నెండో రోజు వచ్చింది.